నాపరాయి పొంగిన దినం

మా ఇంట్లో బడిగంట కుక్కరుదే.
మూడో కూతకు పలకలు తీయాల.

బేతంచెర్లలో పలకలు కొనే పనిలేదు.
పాలిషింగు ఫ్యాక్టరీ గోడ వెనక
పగిలినవి, మూల విరిగినవి, కొలతకు రానివి
ఎన్నైనా ఏరుకోవచ్చు.
ఆ నాపరాళ్లను పెరట్లో పరిచి
"మొత్తం ఎన్ని చదరపు అడుగులు రా?" అంటే
ఈరేశు ఒక్కోదాని మీదికి ఎక్కి నిలబడి లెక్కపెడతాడు.
విరిగిన రాయి మీద ఒంటికాలితో నిలబడి
"ఇది అర" అంటాడు.
నిరుడు బడిలో ఎక్కాలు అడిగితే
నిలబడినచోటే నిక్కరు తడుపుకున్న పిల్లోడు.

"బడి మానిపించినారంటనే, నువ్వేమన్నా టీచరువా?"
కొళాయి కాడ అడుగుతారు.
కాదు. పదిలో లెక్కలు తప్పినదాన్ని.
రెండుసార్లు.
అందుకే వాడు యాడ జారుతాడో
నాకు ముందే తెలుస్తాది.

ఎండ ముదరకముందే నీళ్ల ట్యాంకు కాడికి పోయినాము.
మూడడుగుల కట్టె నాటితే రెండడుగుల నీడ.
ట్యాంకు నీడ వెంట దారం పట్టుకొని
సుంకమ్మ ముందు, తమ్ముడు వెనక, మధ్యలో వీధికుక్క.
ముప్పై అడుగులు.
అయితే ట్యాంకు ఎత్తు నలభై ఐదు.
దాని నడుముకు పెయింటుతో రాసింది మాత్రం యాభై!
"ఆ ఐదడుగులు ఎవరు తిన్యారో" అని
నీళ్లు వదిలే గిడ్డయ్య పడీపడీ నవ్వినాడు.
సుంకమ్మ నవ్వలే.
"దారం సాగిందేమో, మళ్లా కొలుద్దాం" అంది.
మళ్లా కొలిచేసరికి ట్యాంకు నీడ కురచైంది.
కట్టె నీడా కురచైంది.
"రెండూ ఒకే లెక్కన తగ్గినాయమ్మా!"
ఆ కేకకు కుక్క అదిరిపడి పారిపోయింది.
నలభై ఐదే.

మధ్యాన్నం జొన్నరొట్టె.
రొట్టె తడతా తడతానే మా అత్త పాఠం అందుకుంటాది.
మడిస్తే అర. ఇంకా మడిస్తే పావు.
పావులో సగం పరక. పరకలో సగం వీసం.
నేను తప్పిన పుస్తకంలో
ఈ మాటలు ఒక్కటీ లేవు.
వీసం కాడికి వచ్చేసరికి రొట్టె ముక్కలైంది.
"రొట్టె ఇరిగితే ఇరగనీ, లెక్క ఇరగదులే" అని
ఊరిబిండి వడ్డించింది.
ఈరేశు రెండు ముక్కలు నమిలి
"పరక తిన్యా" అన్నాడు, నోటినిండా రొట్టెతో.
ఎవరూ అడగలేదు వాణ్ణి.
మజ్జిగ తెస్తానని నేను లోపలికి పోయి
కాసేపు ఊరికే నిలబడినా.

పొద్దు వాలినంక నిమ్మకాయ.
నాపరాయి మీద పిండితే సన్నగా చిటచిట, నురగ.
"రాయి ఉడుకుతాంది!"
అత్త రోటి మీద పిండితే ఏమీ కాలేదు.
ఏమీ కాలేదని కూడా రాసుకోమన్నా.
"ఈ రాయిలో సున్నం ఉంటాది, పులుపు తగిలితే గాలి వదులుతాది."
నాకొచ్చింది అంతే.
"మరి ఆ గాలి రాయిలోకి ఎప్పుడు పోయింది?"
తెలీదు బిడ్డా.
ఆ ప్రశ్న కింద ఒక పేజీ
ఖాళీగా వదిలిపెట్టినాము.

దీపాలు పెట్టే యాళకు మద్దిలేటి వచ్చినాడు,
కనురెప్పల దాకా రాతిదుమ్ము.
గడప కాడ నున్నటి రాయి మీద మచ్చ చూసి
"నిమ్మకాయ ఎవరు పిండినారు?" అన్నాడు.
పదైదేండ్లుగా రాయికి నునుపు పట్టే మనిషి.
రాయి మీద పుల్లటిది పెట్టొద్దని
చేరిన మొదటిరోజే చెప్పినారంట.
ఎందుకో చెప్పలేదంట.
ఆయనా అడగలేదంట.

కాళ్లు కడుక్కోనియ్యకుండానే పిల్లలు
ఆయన అరచెయ్యి చాపించి
దుమ్ము మీద రెండు చుక్కలు పిండినారు.
రాయి కంటే ఎక్కువ పొంగింది.
"పొడైతే ఎక్కువ... పొడైతే ఎక్కువ..."
సుంకమ్మ మరిచిపోకుండా గొణుక్కుంటా పెన్సిలు కోసం పరిగెత్తింది.
చేతి పగుళ్లలోకి పులుపు దిగి
ఆయన పళ్లు బిగబట్టినాడు.
చెయ్యి మాత్రం వెనక్కి తీయలే.
దీపం దగ్గరికి జరిగి, వంగి చూసి,

"ఇంకో చుక్క ఎయ్యిరా" అన్నాడు,
"నాకు సరిగ్గా కనపళ్లే."